కత్తివాడి మాట

మా బొహ్దానాను మొదటిసారి చూసినవాళ్ళెవరూ ఆవిడ చేతిలో రాజ్యాలుంటాయని అనుకోరు. మామూలు రోజుల్లో బడి వంటశాలలో, జుట్టుకు తెల్ల గుడ్డ బిగించి, గరిటెతో పిల్లల పళ్ళేల్లో పులుసు పోస్తూ ఉంటుంది. "ఏరా, మొన్న కూడా క్యారెట్లు వదిలేశావు. నా కళ్ళు పోయాయనుకున్నావా?" అని వరసలో ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి దులిపేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం అదే గొంతుతో "మీ ఎదురుగా ఇనుప తలుపు. లోపల ఏదో బుసలు కొడుతోంది. ఏం చేస్తారు?" అంటుంది. అప్పుడు మా ముగ్గురికీ వెన్ను నిటారవుతుంది.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే కథ అది. ఒకరు లోకాన్ని నడుపుతారు. మిగతావాళ్ళు ఒక్కొక్క మనిషి వేషం కట్టి, ఏం చేస్తామో చెబుతారు. అయిందో లేదో పాచికలు తేలుస్తాయి. లోకాన్ని నడిపేవాళ్ళను మా చెక్ దేశంలో 'గుహ దొర' అంటాం. బొహ్దానా మా గుహ దొరసాని. రదిమ్ కత్తివాడు. మా ఆయన లుబోర్ మాంత్రికుడు. నేను, మిలుషేని, తాళాలు తీసే దొంగని. బల్ల దగ్గర్నుంచి లేస్తే రదిమ్ తాపీ మేస్త్రి, లుబోర్ బస్సు డ్రైవరు, నాది నలుగురి జుట్టూ కత్తిరించే కొట్టు.

బొహ్దానా పుట్టింది, పెరిగింది ఇక్కడే, బెస్కిడి కొండల కింద. పాత కమ్యూనిస్టు ప్రభుత్వం పోయి కొట్లలో కొత్త వస్తువులు కనబడుతున్న రోజుల్లో, చలికాలం బూట్లు కొనుక్కోమని వాళ్ళమ్మ ఇచ్చిన డబ్బు పట్టుకుని ఒస్త్రావా పట్నానికి వెళ్ళి, బూట్లకు బదులు ఈ ఆట పుస్తకాలున్న అట్టపెట్టె కొనుక్కొచ్చింది. ఆ చలికాలమంతా తల్లి పాత బూట్లలో కాగితాలు కుక్కుకుని నడిచింది. తల్లి తిట్టిన తిట్లు వీధి చివరికి వినపడ్డాయి. "కాళ్ళు గడ్డకట్టినా పర్వాలేదు, ఆడేందుకు మనుషులు కావాలి" అంటూ మమ్మల్ని ముగ్గుర్నీ పోగేసింది. అప్పటి నుంచీ మేము విడిపోలేదు. ఒకసారి పెళ్ళి కూడా కుదిరింది ఆవిడకు. పెళ్ళికొడుకు ఆదివారాలు తనకే కావాలన్నాడు. "మిగతా వారమంతా నీదేగా?" అంది. అతనికి నచ్చలేదు. ఈవిడా బతిమాలలేదు.

మేము ఆడేది అగ్నిమాపక స్వచ్ఛంద దళం వాళ్ళ మేడమీద గదిలో. రదిమ్ ఆ దళంలో మనిషి కాబట్టి తాళంచెవి మాకు దొరికింది. గదిలో పొయ్యి పైన ఒక చెక్క అలమార ఉంది. ఎవరి పాచికలు వాళ్ళ రేకుడబ్బాలో, డబ్బాలన్నీ ఆ అలమారలో. ఇంటికి పట్టుకెళ్ళడం లేదు. ఎవరైనా డబ్బా జేబులో వేసుకున్నారంటే ఇక రారని అర్థం. ఒకప్పుడు మాతో ఆడిన ఒకతను బ్ర్నోకు బదిలీ అయినప్పుడు అలాగే తీసుకెళ్ళాడు. ఆ రోజు బొహ్దానా కొలాచెలు, అదే తను చేసుకొచ్చే ప్లమ్ పళ్ళ జాము పెట్టిన రొట్టెలు, ఒక్కటి కూడా ముట్టలేదు.

ఇక అసలు గొడవకు వస్తాను.

ఈ ఆటలో మొదట కత్తివాడే దిక్కు. మాంత్రికుడికి రోజుకు ఒక్క మంత్రం ఉంటుంది. అది వదిలేశాక రదిమ్ వీపు వెనక నక్కి "అన్నా, కాపాడు" అంటాడు. కాని ఏళ్ళు గడిచేకొద్దీ వేషాలకు బలం పెరుగుతుంది. కత్తివాడు ఒక దెబ్బ కొట్టేచోట రెండు కొడతాడు, అంతే. మాంత్రికుడు మాత్రం ఎగురుతాడు, మాయమవుతాడు, కొండను పిండి చేస్తాడు, కాపలావాడి బుర్రలో దూరి "తలుపు తియ్యి తమ్ముడూ" అని తీయిస్తాడు. తాళాలు తీసే మంత్రం కూడా నేర్చుకున్నాడు మహానుభావుడు! నా తాళంచెవుల గుత్తి తుప్పు పట్టింది. నేను పెళ్ళాన్ని గనక ఇంటికెళ్ళి కసి తీర్చుకున్నాను. రదిమ్‌కు ఆ వీలు లేదు.

ఒక ఆదివారం వంతెన ఘట్టం వచ్చింది. అటువైపు రాక్షసుల గుంపు. రదిమ్ కుర్చీ అంచుకు జరిగి, బీరు గ్లాసులు పక్కకు నెట్టి, అగ్గిపెట్టెతో వంతెన పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ ఇరుకు. ఒక్కొక్కడే రావాలి. నేను ఇక్కడ నిలబడతాను. మిలుషే, నువ్వు కింది నుంచి తాడు..." అని చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఎంత కాలానికి ఆ ముఖం వెలిగిందో!

లుబోర్ కొలాచె నములుతూ, "అంత శ్రమెందుకురా? నేను మంత్రం వేస్తున్నా. అందరం అవతలి ఒడ్డున ఉన్నాం" అన్నాడు.

నియమాల ప్రకారం అది చెల్లుతుంది. అందరం అవతలి ఒడ్డున ఉన్నాం. రదిమ్ అగ్గిపెట్టె తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను ఆటలో అరటిపండు చేశారర్రా. ఉన్నాననే పేరే గాని, నేను లేకపోయినా మీ కథ ఇలాగే నడుస్తుంది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

బొహ్దానాకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. వంటశాలలో ఆవిడ సూత్రం ఒకటే: ఎవడి పళ్ళెం ఖాళీగా ఉందో చూడటం. రదిమ్ పళ్ళెం ఖాళీగా ఉంది. మరుసటి వారమే నింపేసింది. గుహలో ఒక కత్తి దొరికింది అతనికి. దూస్తే మంటలు లేస్తాయి, గాల్లో ఎగిరి తనంతట తనే నరుకుతుంది. లుబోర్ చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. ప్రతి బల్ల దగ్గరా చేసే వైద్యమే ఇది. మంత్రం లేనివాడికి ఒక మంత్రం వస్తువు తగిలించడం.

రదిమ్ ఆ కత్తితో రెండు వారాలు ఆడాడు. మూడో వారం అన్నాడు: "బొహ్దానా, కోపం తెచ్చుకోకు. కొట్టేది కత్తి. ఎగిరేది కత్తి. నేనెవర్ని? దాన్ని తగిలించే కొయ్యనా?"

"అయితే ఏం కావాలిరా నీకు?" అంది ఆవిడ విసుగ్గా.

"తెలిస్తే చెప్పనూ?"

అప్పుడు దొరసాని రెండో వైద్యం మొదలుపెట్టింది. రదిమ్‌ను పైకి లేపలేకపోతే లుబోర్‌ను కిందికి దింపాలి. ఎగిరే మంత్రం రోజుకు ఒక్కసారే అంది, మాయమైతే మూడు రోజులు జ్వరం అంది. మా ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్నవి! నా చేతులు కట్టేసి ఆడమంటావా?"

"కష్టపడ్డావా? కూర్చుని కొలాచెలు తిన్నావు" అన్నాను నేను.

"నువ్వు నోరు ముయ్యవే! నీకు నా మీద కడుపుమంట."

"ఉంటుంది మరి. నా తాళాలన్నీ నువ్వే తీస్తుంటే నేనేం చెయ్యను, జుట్టు కత్తిరించనా ఆ గుహలో?"

మా గోల మధ్య రదిమ్ లేచాడు. "ఆపండర్రా. బొహ్దానా, నా కోసం వాడి కాళ్ళు విరగ్గొట్టకు. వాడు కుంటితే నేను పరిగెత్తినట్టవుతుందా? వాడి మంత్రాలు వాడికి ఇచ్చెయ్యి." అలమార దగ్గరికి వెళ్ళి తన రేకుడబ్బా తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే ఆదివారం వస్తాను, ఆఖరుసారి. నా కత్తివాడికి ఒక మంచి చావు ఇప్పించు. ఇంతకాలం కలిసి తిరిగాం, ఊరికే మాయమైపోతే బాగుండదు. అదొక్కటే అడుగుతున్నా."

బొహ్దానా "సరే" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ముప్ఫై ఏళ్ళ బల్ల. మనిషి పోతే కుర్చీ ఒక్కటే ఖాళీ అవదు. ఇద్దరు ఆటగాళ్ళతో, అందులోనూ మొగుడూ పెళ్ళాలతో, ఏ గుహ నడుస్తుంది? మా ఇంట్లో రోజూ నడిచే యుద్ధం చూడటానికి ఆవిడ కొలాచెలు చేసుకుని రావాలా?

ఎంత దుఃఖమొచ్చినా గ్లాసులు కడగాలి కదా. కడిగేదెవరో అగ్గిపుల్లలతో తేల్చుకోవడం మాకు అలవాటు. పొట్టిపుల్ల లాగినవాళ్ళు కడగాలి. ఆ రోజు రదిమ్ కోటు గుండీలు పెట్టుకుంటున్నాడని లుబోర్ పుల్లలు పట్టుకోబోయాడు.

"నీ చేతికి వద్దు!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం. రదిమ్ కూడా.

ఎందుకంటే మా ఆయనకు గారడీ సరదా. చెవిలోంచి నాణెం తీస్తాడు, పేకముక్క మాయం చేస్తాడు. పెళ్ళిళ్ళలో పిల్లలంతా ఆయన చుట్టే. అలాంటి వేళ్ళు పుల్లలు పట్టుకుంటే ఏ పుల్ల ఎవరికి రావాలో ఆయనే రాస్తాడు. నిజంగా మోసం చెయ్యకపోయినా మాకెలా తెలుస్తుంది? అందుకని ఎప్పుడూ పుల్లలు పట్టేది రదిమే. ఆ రోజూ గుండీలు వదిలేసి, పుల్లలు పిడికిట్లో పట్టుకుని చెయ్యి చాపాడు. మేము లాగాం. బొహ్దానా మాత్రం లాగలేదు. అతని పిడికిలి వైపే చూస్తూ నిలబడిపోయింది.

"లాగవే తల్లీ, బస్సు టైమవుతోంది" అన్నాడు లుబోర్.

లాగింది. పొట్టిపుల్ల ఆవిడకే వచ్చింది. గ్లాసులు కడుగుతూ తనలో తను ఏదో గొణుక్కుంటుంటే, పాపం బాధపడుతోందనుకున్నాను.

ఆ వారంలో జుట్టుకు రంగు వేయించుకోవడానికి నా కొట్టుకొచ్చింది. తల నిండా రంగు పులుముకుని అద్దంలో నన్ను చూస్తూ అడిగింది: "మిలుషే, లుబోర్ నీకు అబద్ధం చెబితే ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. అందుకని అన్నీ అబద్ధమే అనుకుంటాను. సుఖంగా ఉంటుంది."

"మరి ఏదైనా నిజమో కాదో కచ్చితంగా తెలియాలంటే?"

"రదిమ్‌ను అడుగుతాను" అన్నాను. అని దువ్వెన వెతుక్కుంటున్నాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టింది. రంగు కళ్ళలోకి కారుతున్నా ఆపలేదు. పిచ్చెక్కిందనుకున్నాను.

ఆదివారం వచ్చింది. రదిమ్ వచ్చాడు, శుభ్రంగా గడ్డం గీసుకుని, ఎవరి అంత్యక్రియలకో వచ్చినట్టు. డబ్బా జేబులోంచి తీసి, పాచికలు బల్ల మీద పోసుకుని, ఖాళీ డబ్బా మళ్ళీ జేబులో వేసుకున్నాడు. బొహ్దానా లుబోర్‌తో, "నీ మంత్రాలన్నీ నీకు ఇచ్చేశాను. ఒక్కటీ తగ్గించలేదు" అంది. మా ఆయన ముఖం చాటంత అయింది.

కథ మొదలుపెట్టింది. కొండల నడుమ గోడ కట్టిన ఊరు. పైన పెద్ద మంచు ఆనకట్ట. లుబోర్ పక్షిగా మారి ఎగిరి చూసొచ్చాడు. ఆనకట్ట పగుళ్ళిచ్చింది, తెల్లారేలోపు తెగుతుంది. ఊరు ఊరంతా గడ్డకట్టిన చెరువు దాటి అవతలి కొండ ఎక్కితేనే బతుకుతారు. అంతమందిని మోసే మంత్రం ఏ మాంత్రికుడికీ లేదు. వాళ్ళంతట వాళ్ళే నడవాలి.

"ఎంతసేపు!" అన్నాడు లుబోర్. "కాపలావాడి మీద వశీకరణం వేస్తున్నా. తలుపు తీస్తాడు."

"తీశాడు" అంది బొహ్దానా. "నవ్వుతూ తీశాడు. వెంటనే ఊరివాళ్ళు వాణ్ణి పట్టుకుని స్తంభానికి కట్టేశారు. తలుపు మళ్ళీ వేశారు."

"అదేంటి?"

"ఈ ఊళ్ళో అంతే. మాంత్రికుడికి 'సరే' అన్నవాణ్ణి మూడు రోజులు కట్టేస్తారు. మత్తు దిగాక కూడా 'సరే' అంటే అప్పుడు నమ్ముతారు. మరి నువ్వు కిందటి ఊళ్ళో పూటకూళ్ళవాడి బుర్ర తిప్పి మేకపిల్లను కాల్పించుకుని తిన్నావు కదా? అంతకు ముందు ఊళ్ళో సుంకం వసూలు చేసేవాడి చేత పాట పాడించావు. ఆ కథలన్నీ నీకంటే ముందే వచ్చేశాయి. గోడ మీద జనం నిన్ను చూసి చెవుల్లో మైనం పెట్టుకుంటున్నారు."

లుబోర్ వదల్లేదు. మంటలు కురిపిస్తే భయపడి బయటికొస్తారా అన్నాడు. భయపడి లోపలే దాక్కుంటారంది. ఆనకట్ట బొమ్మ ఆకాశంలో చూపిస్తానన్నాడు. గారడీ అని ఉమ్మేశారంది. మూడు రోజులు ఆగే వ్యవధి లేదు. పదేళ్ళుగా ఏ తలుపైనా తీసినవాడు, ఆ తలుపు ముందు నీళ్ళు నమిలాడు. నాకు కడుపు నిండిపోయింది.

అప్పుడు బొహ్దానా గొంతు మార్చి ముసలిదానిలా వణికించింది. "గోడ మీంచి ఊరిపెద్ద, ఓ ముసలమ్మ, వంగి చూస్తోంది. 'అదిగో, ఆ వెనకున్నవాడా! నీకు మంత్రాలొచ్చా?'"

రదిమ్ తలెత్తాడు. "నాకా? మంత్రాలేమీ రావమ్మా."

"'ఒంటి మీద మంత్రం వస్తువేమైనా ఉందా?'"

అందరం అతని వేషం దగ్గరున్నవన్నీ రాసుకునే కాగితం వైపు చూశాం. మంటల కత్తి. రదిమ్ "కత్తి తీసి మంచులో పడేస్తున్నా. ఇప్పుడు లేదు" అన్నాడు.

"'ఆనకట్ట తెగుతుందని నువ్వు చూశావా?'"

"లేదమ్మా. వాడు చూశాడు" అని లుబోర్ వైపు వేలు చూపాడు.

"'వాడా! వాడు అబద్ధాలకోరు.'"

"అవునమ్మా" అన్నాడు రదిమ్. మా ఆయన కుర్చీలో ఎగిరిపడ్డాడు. రదిమ్ లక్ష్యపెట్టలేదు. బల్ల మీద చేతులానించి, నిజంగానే గోడ మీద ముసలమ్మ ఉన్నట్టు పైకి చూస్తూ మాట్లాడాడు. "తిండి దగ్గర అబద్ధమాడతాడు, ఆటలో అబద్ధమాడతాడు. పుల్లలు వాడి చేతికి నేను ఇవ్వను. కాని కిందటి చలికాలం గుహలో నేను పడిపోతే, తను తప్పించుకోవడానికి దాచుకున్న ఆఖరి మంత్రం నా మీద ఖర్చుపెట్టి, తను కాళ్ళతో పరిగెత్తాడు. ప్రాణం మీదకొస్తే వీడు అబద్ధమాడడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆనకట్ట తెగుతుందన్నాడంటే తెగుతుంది. నమ్మకపోతే మంచు మీద ముందు నేను నడుస్తాను, నా నడుముకు మీరే తాడు కట్టండి."

లుబోర్ చెవులు ఎర్రబడ్డాయి. నాకు, ఎందుకు దాచుకోవాలి, ఏడుపొచ్చింది. రదిమ్ పాచికల మీద చెయ్యి వేసి, "నమ్ముతుందో లేదో వెయ్యనా?" అన్నాడు.

"నీ మాటకు పాచికలెందుకురా?" అంది బొహ్దానా తన గొంతుతోనే. "తలుపులు తెరిచారు."

ఆ తరవాత ఊపిరాడలేదు. రదిమ్ ముందు. లుబోర్ మంచు లోపలికి వెలుగు పంపి, గట్టి చోటు ఏదో, పలచటి చోటు ఏదో చెబుతున్నాడు. నేను తాళ్ళు కట్టి ముసలివాళ్ళను, మేకలను లాగుతున్నాను. లుబోర్ "ఎడమకి!" అంటే జనం కదలరు. రదిమ్ "ఎడమకి!" అంటే కదులుతారు. కళ్ళు ఒకరివి, మాట ఒకరిది. పాచికలు పడ్డప్పుడల్లా నలుగురం లేచి నిలబడుతున్నాం.

ఊరంతా దాదాపు దాటింది. అప్పుడు బొహ్దానా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "పైన ఆనకట్ట విరిగిన చప్పుడు. చివర కొన్ని కుటుంబాలు ఇంకా మంచు మీదే ఉన్నాయి. ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళి, వాళ్ళు దాటేదాకా తాడు బిగించి పట్టుకుని నిలబడాలి. నిలబడినవాడు తిరిగి రాడు." ఆగింది. "రదిమ్, నువ్వడిగిన మంచి చావు ఇదే. నేను మాట నిలబెట్టుకున్నాను. తీసుకుంటావా?"

ఆవిడ అతని కళ్ళలోకి చూడలేదు. మాటిచ్చింది గనక పెట్టేసింది, అంతే.

రదిమ్ పాచికలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఛీ, ఇప్పుడా చావడం!" అన్నాడు. "ఇంత జనం. చంటిపిల్లలు. చలికాలం. తెల్లారితే వీళ్ళకు తలదాచుకోను గోడ ఉందా, కప్పు ఉందా? నా మాట నమ్మి ఇళ్ళొదిలి వచ్చారు. వీడేమన్నా మంత్రంతో ఇటుక పేరుస్తాడా?"

"నాకా మంత్రం రాదు" అన్నాడు లుబోర్ వెంటనే. ఇటుకల మంత్రం ఒకటి ఆయనకుందని నాకు తెలుసు. నోరు మూసుకున్నాను.

"మరి? తాడు నేను పట్టుకోను. ఆ రాయికి చుట్టి ముడేస్తున్నా, మేస్త్రి ముడి. మిలుషే, అటు కొస నువ్వు లాగు. లుబోర్, ఆ నీళ్ళను ఎంతసేపు ఆపగలవు?"

"ఒక్క ఊపిరి."

"చాలు. ఆపు."

రదిమ్ పాచికలు వేశాడు. ఎంత పడిందో చెప్పను. బల్ల మీద బీరు ఒలికింది, కింద దళంవాళ్ళు ఏమైందోనని మెట్లెక్కి వచ్చారు, బొహ్దానా చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని పొయ్యి వైపు తిరిగింది. అందరూ దాటారు. రదిమ్ కూడా.

గ్లాసుల కోసం పుల్లలు పట్టాడు. పొట్టిది మా ఆయనకు వచ్చింది. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళాడు, గొణుక్కుంటూ.

"మరి ఆ మంటల కత్తి?" అంది బొహ్దానా కళ్ళు తుడుచుకుంటూ. "అవతలి ఒడ్డున మంచులో ఉండిపోయింది."

"ఉండనీ. వచ్చే ఆదివారం తాపీ, గోడ నిలువు చూసే తూకపు దారం కావాలి నాకు. ఆ ఊళ్ళో దొరుకుతాయేమో చూడు" అన్నాడు రదిమ్. కోటు జేబులోంచి రేకుడబ్బా తీసి, పాచికలు అందులో పోసి, అలమారలో నా డబ్బా పక్కన పెట్టాడు. తరవాత కుళాయి దగ్గరికి వెళ్ళి, ఒక గ్లాసు వెలుగుకు ఎత్తి చూసి, "అడుగున నురగ ఉందిరా, మళ్ళీ కడుగు" అని లుబోర్‌ను తిట్టాడు.